ఎర్ర బొలేరో

ఆ శనివారం ఫణీంద్ర పెట్టుకున్న పనులు మూడే. హాలు ఖాళీ చేయించడం, పన్నెండు మందికి భోజనం ఏర్పాటు చూడడం, సాయంత్రం దాకా ఎవరిచేతా మాట పడకుండా ఉండడం. విజయనగరం నుంచి వచ్చి, అరకు దారిలో ఉన్న ఆ కొండ రిసార్టులో మేనేజరుగా చేరి రెండు నెలలయింది. మూడో పని ఇంతవరకూ ఒక్కరోజు కూడా పూర్తికాలేదు.

ఆరున్నరకి కిటికీ తెరిచాడు. పొగమంచు గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. గడ్డి మధ్యలో ఎవరో కదులుతున్నారు. కళ్ళు నులుముకుని చూస్తే, ముందురోజు నాలుగో నంబరు గదిలో దిగిన అనురాధగారు. అరవై దాటిన మనిషి, విశాఖపట్నంలో కాలేజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. గంధం రంగు చీర మీద నడుం దాకా కూడా రాని ఎర్రటి పొట్టి కోటు వేసుకున్నారు. ఎడమచెయ్యి ఎవరి భుజం మీదో వేసినట్టు గాలిలో ఆగి ఉంది. కుడిచెయ్యి ఎవరో పట్టుకున్నట్టు పక్కకి చాచి ఉంది. అలాగే రెండడుగులు జరిగి, ఆగి, మెల్లగా తిరిగి, మళ్ళీ రెండడుగులు. ఆ చేతుల మధ్య మనిషి లేడు. ఆవిడ మాత్రం తలెత్తి ఎవరికో ఏదో చెప్పి నవ్వారు.

ఫణీంద్ర చప్పుడు కాకుండా కిటికీ మూసేశాడు.

ముందురోజు రిజిస్టరులో ఆవిడ స్వయంగా రెండు పేర్లు రాశారు. జగన్నాథరావు, అనురాధ. రైలు దిగి వచ్చింది మాత్రం ఆవిడొక్కతే. "సారు రాలేదాండీ?" అని అడిగితే, "వస్తారు లెండి. సాయంత్రం డాన్సుకి ఆయన లేకుండా ఎలా?" అన్నారు. రాత్రి రెండు కంచాలు తెప్పించుకున్నారు. ఒకటి తిన్నది, ఒకటి ముట్టనిది బయటికి వచ్చాయి. రిసెప్షన్‌లో కూర్చునే నిర్మల ఆ రెండో కంచం చూసి మెడలో శిలువని పట్టుకుంది.

ఏడు గంటలకి విశాఖపట్నం నుంచి ఓనరు సూర్యనారాయణగారి మెసేజి వచ్చింది. "నాలుగింటికి హాల్లో బొలేరో. మధ్యలో అంతా ఖాళీగా ఉండాలి. నేల మీద ఒక్క గీత పడినా నీదే పూచీ."

ఏజెన్సీలో బొలేరో అంటే ఒకటే. ఊళ్ళకి రోడ్డు ఉన్నా లేకున్నా ఎక్కిపోయే బండి. పెళ్ళివారికీ, పసుపు బస్తాలకీ, పురిటి మనుషులకీ అదే దిక్కు. దాన్ని హాల్లోకి ఎందుకు తెప్పిస్తున్నారో ఫణీంద్రకి అర్థం కాలేదు. అడిగితే మాట పడాలి. అందుకని టేపు తెచ్చి గుమ్మం కొలిచాడు. అరడుగు తక్కువైంది. వంటమనిషి సోంబరుని పిలిచాడు.

సోంబరు కింది గూడెం మనిషి. గునపం పట్టుకొచ్చి, అద్దాల తలుపుని ఫ్రేముతో సహా ఊడదీసి పక్కన పెట్టాడు. మెట్ల మీద పనసచెక్కలు పరిచాడు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"బండిని ఇంట్లోకి తేవడమేటి బాబూ? బయట సోటు లేదా?"

"మనకెందుకు? ఓనరుగారి ఆర్డరు."

"నేల మీద గీత పడకూడదంటే సెక్రాలకి దుప్పట్లు సుట్టాల మరి."

ఎనిమిది గదుల దుప్పట్లు తెప్పించి గుట్టపెట్టారు. తొమ్మిదింటికి అనురాధగారు టీ కోసం వచ్చి, తలుపులేని గుమ్మంలోంచి హాల్లోకి వస్తున్న మంచుని చూసి నిలబడిపోయారు.

"ఇదేమిటండీ, తలుపులేవి?"

"సాయంత్రం బొలేరో లోపలికి రావాలి కదండీ," అన్నాడు ఫణీంద్ర.

ఆవిడ పనసచెక్కల వంకా, దుప్పట్ల వంకా చూసి, నవ్వు ఆపుకోవడానికి కుర్చీ పట్టుకున్నారు. "బొలేరో అంటే డాన్సు బాబూ! ఇద్దరు కలిసి చేసేది. అన్ని డాన్సుల్లోకీ నిదానమైంది. తలుపు దాకా ఎందుకు, కిటికీలోంచి వచ్చినా పడుతుంది. మా క్లబ్బు వాళ్ళు మధ్యాహ్నం రైలుకి వస్తారు. అందరం చేస్తాం."

నిర్మల కంప్యూటరు వెనక తల దాచుకుంది. ఫణీంద్ర చెవులు కాలిపోయాయి. ఇక ఈ జన్మలో ఆ మాట ఎవరి నోటివెంట వచ్చినా డాన్సే అనుకోవాలని గట్టిగా తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానం గంటన్నర నిలిచింది.

అనురాధగారు టీ తాగి, వ్యూపాయింటు దాకా నడిచి వస్తానన్నారు. రిసార్టుకి అరమైలు దూరంలో రోడ్డు మలుపు తిరిగే చోట ఇనప రెయిలింగు కట్టిన బండ అది. కింద లోయ. సోంబరుకి నచ్చలేదు.

"అక్కడ ఒక్కరూ పోకండమ్మా. పోయినా ఎవుర్నీ పేరెట్టి పిలవకండి. మంచున్నప్పుడు ఆ లోయలోకి పేరెట్టి పిలిస్తే ఎవులో ఒకలు పలుకుతారు. పలికినోళ్ళు మనం పిలిసినోళ్ళు కారు."

"ఎవరైతేనేం, పలికితే మంచిదేగా," అంటూ ఆవిడ మంచులోకి వెళ్ళిపోయారు. కాసేపు ఎర్రకోటు ఒక్కటే కనిపించింది. తర్వాత అదీ లేదు.

పదిన్నరకి ఫణీంద్ర ఫోను మోగింది. గీరుకుపోతున్న శబ్దం, మధ్యమధ్య ఆవిడ గొంతు. "ఫణీంద్రగారూ... బొలేరో... లోయలో పడిపోయింది... ఎర్రది... రెయిలింగు మీంచి... ఎవరినైనా బేగి పంపండి... దాని లోపల మా ఆయన..."

అక్కడ సిగ్నలు పోయింది. మళ్ళీ చేస్తే ఏ నంబరుకీ పోలేదు.

డాన్సు రెయిలింగు దాటి లోయలో పడదు. పడేది బండే. వస్తారు లెండి, వస్తారు లెండి అని నిన్నటి నుంచీ ఆవిడ అంటున్న మనిషి బండిలో బయల్దేరి, ఈ మంచులో మలుపు కనబడక, భార్య కళ్ళముందే పడిపోయాడు! అంతా ఒక్క క్షణంలో అమిరిపోయింది.

"నిర్మలా, నువ్వు స్కూటీ మీద అరకు వెళ్ళి చెప్పు. ఆస్పత్రికీ, స్టేషన్‌కీ, ఎవరు కనిపిస్తే వాళ్ళకి. ఎర్ర బొలేరో లోయలో పడింది!"

"ప్రభువా!" అంటూ నిర్మల పరుగెత్తింది. తోటమాలిని గూడేనికి పంపి, పొయ్యి మీద పప్పు అలాగే వదిలేసి, ఫణీంద్రా సోంబరూ రోడ్డు మీద పరుగు తీశారు. అదే సమయానికి అనురాధగారు, సిగ్నలు పోయింది కనక తనే మనిషిని తీసుకొద్దామని, కాఫీతోటలోని కాలిబాట పట్టి రిసార్టుకి వస్తున్నారన్న సంగతి వాళ్ళకి తెలియదు.

వ్యూపాయింటు దగ్గర ఎవరూ లేరు. మంచు రెయిలింగుని కూడా సగం మింగేసింది. అవతల అంతా తెలుపు. ఆ తెలుపులో ఎక్కడో నీటిబొట్లు ఆకు మీంచి ఆకు మీదకి పడుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. బండి పడిన చోట ఉండాల్సిన పొగ వాసనా, నూనె వాసనా లేవు. చెట్టు విరిగిన ఆనవాలు లేదు. అంత బండిని లోయ చప్పుడు చెయ్యకుండా లోపలికి తీసేసుకున్నట్టుంది.

"ఆవిడ కూడా దిగిపోయారా ఏమిటి?" అన్నాడు ఫణీంద్ర. రెయిలింగు మీదికి వంగి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"వొద్దు బాబూ. పేరెట్టొద్దు," అని సోంబరు చెయ్యి పట్టుకున్నాడు.

"మనిషి కింద ఉన్నాడయ్యా! జగన్నాథరావుగారూ!"

పేరు కొండలకి తగిలి ముక్కలుగా తిరిగొచ్చింది. రెండోసారి పిలిచాడు. మళ్ళీ అంతే. మూడోసారి పిలిచాక, ముక్కలన్నీ సద్దుమణిగిన తర్వాత, కాళ్ళ కిందనుంచి, చాలా దగ్గరగా, ఒక గొంతు అంది.

"ఓయ్! ఇక్కడున్నాను!"

సోంబరు రోడ్డు మీద చతికిలబడ్డాడు. ఫణీంద్ర మాత్రం, పలికాడంటే బతికి ఉన్నట్టే కదా అని ధైర్యం తెచ్చుకున్నాడు.

"దెబ్బలు తగిలాయాండీ?"

"నడుం పోనాది బాబో! కాలు కదల్డం నేదు!"

జగన్నాథరావుగారు చదువుకున్న మనిషై ఉండాలి. మాట ఇలా మారిపోయిందంటే తలకి కూడా దెబ్బ తగిలిందనుకుని ఫణీంద్ర మరింత కంగారుపడ్డాడు. ఇంతలో మంచు పలచబడి కిందెక్కడో పొదల మధ్య ఎర్రగా ఏదో ఊగింది. "అదుగో బండి!" అని అరిచాడు. మంచు మళ్ళీ మూసేసింది.

గూడెం నుంచి గాసి అనే పెద్దాయనా, మరో ఆరుగురూ డోలీ కర్ర, దుప్పటి, మోకులు పట్టుకుని వచ్చారు. ముప్ఫై అడుగుల కింద బండ అంచు ఒకటి ఉందనీ, పడినవాడు దాని మీదే ఆగి ఉంటాడనీ గాసి అన్నాడు. అంచుకి దారి తెలిసినవాడు సోంబరే. వాడు భూదేవికి దణ్ణం పెట్టి, మోకు నడుముకి కట్టించుకుని, పేరు మాత్రం ఎత్తకుండా దిగాడు. రెండడుగులకే మంచులో కలిసిపోయాడు. ఆ తర్వాత వాడి తాలూకు మిగిలింది పైనున్నవాళ్ళ చేతుల్లో మోకు బరువొక్కటే.

సగం మోకు దిగేసరికి మలుపు అవతల హారన్ మోగింది. మంచులో రెండు పసుపుపచ్చ కళ్ళు వెలిగాయి. వాటి వెనక నుంచి ఎర్ర బొలేరో ఒకటి చప్పుడు చేసుకుంటూ బయటికి వచ్చింది.

లోయలో పడిన ఎర్ర బొలేరోని తియ్యడానికి వచ్చిన మనుషులు ఆ ఎర్ర బొలేరోని చూశారు. ముగ్గురు మోకు వదిలేసి తోటలోకి దూకారు. మోకు ఫణీంద్ర అరచేతుల తోలు తీసుకుంటూ రెండు గజాలు జారింది. కింద సోంబరు కేక పెట్టాడు. గాసి మోకుని రెయిలింగుకి ఒక చుట్టు చుట్టి ఆపాడు.

బండిలోంచి బుధు దిగాడు. గూడేల మధ్య సవారీలు తోలే మనిషి, ఆ చుట్టుపక్కల ఎర్ర బొలేరో అతనొక్కడికే ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"మా బండి లోయలో పడిపోనాదంట గదా! పన్నెండు మంది పోనారంట! ఎక్కడ పడినాది బాబూ? సూపించండి!"

"ఏ బండి తోలుకొచ్చినావురా నువ్వు?" అన్నాడు గాసి.

బుధు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. బానెట్టు మీద చెయ్యి వేసి తడిమాడు. "సంతలో అందరూ అలాగే అంటన్నారు. ఆస్పత్రి కాడ మా బావమరిది కూడా ఏడుత్తన్నాడు. నాకేటి తెలుసు?" అని బండి మెట్టు మీద కూలబడ్డాడు.

అయితే కింద ఉన్నది ఏ బండి? ఫణీంద్ర ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి వెనక నుంచి మెత్తగా ఎవరో అడిగారు.

"ఎవర్ని పిలిచారు ఇందాక?"

అనురాధగారు. జుట్టంతా మంచుతో తెల్లబడింది. ఒంటి మీద ఎర్రకోటు లేదు. రిసార్టుకి వెళితే పొయ్యి మీద పప్పు మాడుతోంది, ఒక్క ప్రాణి లేదు. తిరిగి వస్తూ తోటలో నడుస్తుండగా వినిపించింది, లోయంతా ఆ పేరు.

"మీ ఆయన్నేనండీ. భయపడకండి, బతికే ఉన్నారు. పలికారు కూడా!"

ఆవిడ రెయిలింగు పట్టుకున్నారు. చిన్న గొంతుతో అడిగారు. "ఏమన్నారు?"

"నడుం పోయిందన్నారు."

"ఆయనకి నడుం నొప్పి లేదే," అన్నారావిడ. ఆ తర్వాత తనలో తను అనుకున్నట్టు, "ఆయన పోయి మూడేళ్ళయింది," అన్నారు.

సరిగ్గా అప్పుడే మంచు కింద నుంచి సోంబరు గొంతు వచ్చింది. "దొరికినాడు బాబూ! మనిసే!"

"సరిగ్గా సూడరా! కాళ్ళు సూడు!" అని గాసి అరిచాడు. మనిషి కాని వాటికి పాదాలు వెనక్కి ఉంటాయి మరి.

"ఒక పాదం ముందుకే ఉంది!" అన్నాడు సోంబరు. అంతలోనే కేకేశాడు, "రెండోది ఎనక్కి తిరిగి ఉంది!"

తోటలోంచి అప్పుడే తిరిగి వచ్చిన ముగ్గురూ మళ్ళీ తోటలోకి వెళ్ళారు. ఈసారి వాళ్ళతోపాటు మిగతా ముగ్గురూ. గాసి కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. మోకు చివర ఫణీంద్ర ఒక్కడూ మిగిలాడు. వదిలేసి పరుగెత్తాలని కాళ్ళు పీకుతున్నాయి. కాని ఆ చివర సోంబరున్నాడు. పొద్దున్న తన తెలివితక్కువ ఆర్డరుకి ఒక్క మాట ఎదురు చెప్పకుండా తలుపు ఊడదీసిన సోంబరు. ఫణీంద్ర కళ్ళు మూసుకుని మోకుని గుండెకి అదుముకున్నాడు.

వెనక నుంచి మరో రెండు చేతులు మోకు పట్టుకున్నాయి. అనురాధగారు చెంగు నడుముకి దోపుకున్నారు.

"ఆయనే అయితే నేనే లాగాలి. ఆయన కాకపోతే పాపం ఎవరింటి మనిషో. ఎలా చూసినా లాగాల్సిందే కదా. పట్టండి."

అరవై దాటిన మనిషి కళ్ళముందు లాగుతుంటే పారిపోవడానికి గాసికి సిగ్గేసింది. గాసిని చూసి బుధు వచ్చాడు. బుధుని చూసి తోటలోవాళ్ళు వచ్చారు. ముందు మోకుకి కట్టిన దుప్పటి పైకి వచ్చింది, దాని వెనక సోంబరు. దుప్పటిలో యాభై ఏళ్ళ మనిషి, ఒళ్ళంతా గీరుకుపోయి, మట్టి కొట్టుకుని ఉన్నాడు. విరిగి పక్కకి తిరిగిపోయిన కాలికి సోంబరు వెదురుకర్ర కట్టాడు. కట్టింది ఎర్రటి పొట్టి కోటుతో.

"పైడయ్య కాదేటి?" అన్నాడు గాసి.

పైడయ్యే. శృంగవరపుకోట నుంచి వారం వారం వచ్చి కొండచీపుళ్ళు కొనుక్కుపోయే మనిషి. ముందురోజు సాయంత్రం ఒంటేలుకని రెయిలింగు పక్కకి వెళ్ళి, తడి బండ మీద కాలు జారాడు. కొండ మీదవాళ్ళు కిందికి పోయాడనుకున్నారు. కిందవాళ్ళు కొండ మీద ఉన్నాడనుకున్నారు. ఎవరూ వెతకలేదు. ఉదయం ఆకాశం నుంచి ఎర్రగుడ్డ ఒకటి తేలుకుంటూ వచ్చి మొహం మీద పడితే, అమ్మవారు పంపిందనుకుని దాన్నే ఊపుతూ కూర్చున్నాడు.

"మరి బొలేరో ఏదండీ?" అన్నాడు ఫణీంద్ర నీరసంగా.

"అదేనండీ," అన్నారు అనురాధగారు, పైడయ్య కాలికి ఉన్న కోటుని చూపించి. "ఆ డాన్సుకి వేసుకునే పొట్టికోటుని కూడా బొలేరో అనే అంటారు. విప్పి రెయిలింగు మీద వేస్తే గాలికి పోయింది. దాని లోపల మా ఆయన పేరు కుట్టి ఉంది. అదే చెబుతుంటే ఫోను పోయింది."

ఎవరికీ నవ్వు రాలేదు. ఆ మాటకి మూడో అర్థం కూడా లేకపోతే ఈ మనిషి ఇంకా ఆ లోయలోనే ఉండేవాడన్నది అందరికీ ఒకేసారి తట్టినట్టుంది.

"మరి నీ పేరు కాకపోతే ఎందుకు పలికావయ్యా?" అని ఫణీంద్ర పైడయ్యని అడిగాడు.

"రాత్రంతా నా పేరెట్టి ఒక్కడూ పిలవనేదు బాబూ. ఆ జగన్నాథరావుగారెవులో రెండుసార్లు పిలిసినా పలకనేదు. ఆరి బదులు నేను పలికీసినాను."

అనురాధగారు ఆ మనిషి మొహాన మట్టి తుడిచారు. "మంచిపని చేశావు," అన్నారు. అతను కోటు విప్పి ఇవ్వబోతే వద్దన్నారు.

పైడయ్యని బుధు బండిలోనే అరకు ఆస్పత్రికి పంపారు. దారిలో ఎదురైన వాళ్ళందరూ పడిపోయిన ఎర్ర బొలేరోకి దారి ఇచ్చి దణ్ణాలు పెట్టారు. నాలుగింటికి క్లబ్బు వాళ్ళు తలుపులేని హాల్లో డాన్సు చేశారు. అనురాధగారు కోటు లేకుండానే చేశారు. చేతుల మధ్య ఎవరూ లేరు. మంచు హాలు నడిమి దాకా వచ్చి ఆవిడతో పాటే తిరిగింది. గుమ్మంలో నిలబడిన ఫణీంద్ర చివరిదాకా చూశాడు. కిటికీలు మూయాలనిపించలేదు.

ఆరింటికి సిగ్నలు వచ్చింది. మొదటి ఫోను ఆస్పత్రి నుంచి. జగన్నాథరావు తాలూకు మనిషి వెంటనే వచ్చి సంతకం పెట్టాలిట. ఫణీంద్ర అనురాధగారిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. అక్కడ పైడయ్య భార్య రత్నాలు, ఎవరో చెబితే పడుతూ లేస్తూ వచ్చి, నర్సు మీద విరుచుకుపడుతోంది.

"మా మావ పైడయ్యని ఎక్కడెట్టినారు? బేగి సెప్పండి!"

"పైడయ్య అనే పేషెంటే లేడమ్మా. కాలు విరిగినాయన ఒక్కరే ఉన్నారు, జగన్నాథరావుగారు. వచ్చేసరికి స్పృహలో లేరు, తెచ్చినవాళ్ళు దింపి వెళ్ళిపోయారు. కాలికి కట్టిన కోటు లోపల పేరు కుట్టి ఉంది, చూసే రాశాం," అని నర్సు, అప్పుడే లోపలికి వచ్చిన అనురాధగారి వైపు తిరిగింది. "మీరు జగన్నాథరావుగారి భార్యేనా?"

"అవునమ్మా," అన్నారు అనురాధగారు. మంచం మీద పడుకున్న పైడయ్యనీ, కళ్ళు ఎర్రజేసుకుని తనవైపు తిరిగిన రత్నాలునీ చూశారు. తర్వాత పెన్ను అందుకుని రత్నాలు చేతిలో పెట్టారు.

"పేరు నాది. మనిషి ఆవిడది."